దున్నిన జాగ, రాసిన జాగ: సిరొంచ నుంచి కిన్వట్ దాకా భూమిలేని సాగుదారుల పోరాటంపై ఒక కేస్ స్టడీ

పట్టా కాగితంలో విస్తీర్ణం గడిలో 1.20 అని ఉందనుకోండి. మహదేవ్‌పూర్ లెక్కలో అది ఎకరం ఇరవై గుంటలు. గోదావరి దాటి సిరొంచలో తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) చదివితే 1 హెక్టారు 20 ఆర్, అంటే మూడెకరాలకు గుంటన్నర తక్కువ. అంకె ఒకటే, భూమి రెట్టింపు. తెలుగు బడిలో చదివిన కొడుకు దాన్ని ఎకరమున్నర అనుకుని కౌలు మాట్లాడితే సగం కౌలు గాల్లో కలిసినట్టే. సరిహద్దు తాలూకాల్లో భూమి పోరాటం గెలిచేదీ జారిపోయేదీ చాలావరకు ఇలాంటి గడుల్లోనే.

దున్నడం మొదలుపెట్టిన ఏడాదో, పట్టాలు పంచిన రోజో బతుకు మారిందనుకోవడం పొరపాటు. సాత్‌బారాలో, అంటే మహారాష్ట్ర భూమి రికార్డులో (7/12) పేరు ఎక్కిన సీజన్ నుంచే ఇంట్లో లెక్క మారుతుంది. దున్నడానికీ పేరు ఎక్కడానికీ మధ్య పదేళ్లు పట్టొచ్చు, ముప్ఫై ఏళ్లూ పట్టొచ్చు. ఒక్క కుటుంబం అంతకాలం తట్టుకోలేదు. తట్టుకునేలా చేసేది సంఘం. గడ్చిరోలి జిల్లా సిరొంచ, చంద్రపూర్ జిల్లా రాజురా, జివతి, నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాల్లో ‘జబరాన్ జోత్’ అనే సాగును ఈ కోణంలోంచి చూస్తున్నాం. సర్కారు జాగనో అడవి జాగనో అనుమతి లేకుండా దున్నుకోవడానికి అక్కడి పేరు అది. మనవైపు పోడు అంటే కొంత దగ్గరగా ఉంటుంది గానీ, ఇందులో గైరాన్, అంటే ఊరుమ్మడి మేత భూములూ కలుస్తాయి.

ఒకే పోరాటం, మూడు రకాల మనుషులు

సిరొంచ పాత సెంట్రల్ ప్రావిన్సెస్ కిందిది. రాజురా, కిన్వట్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. పాత కాగితం ఎక్కడ వెతకాలో ఈ తేడాయే చెబుతుంది. సిరొంచలో నిస్తార్ పత్రక్ చూడాలి. ఊరుమ్మడి కట్టెలు, మేత, బాటల హక్కులు అందులో రాసి ఉంటాయి. రాజురా, కిన్వట్‌లలో సేత్వార్ అనే పాత సర్వే రికార్డు, 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. చాలావరకు ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివేవాళ్లను వెంట తీసుకెళ్లాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, ఆ దశకంలోనే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సిఫారసులతో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ఆదివాసులకు లక్షన్నర ఎకరాలకు పైగా లావుణి పట్టాలు (సర్కారు జాగకు ఇచ్చే పట్టాలు) వచ్చాయి. తాత పేర ఆ పట్టా ఉండి, తర్వాతి సర్వేలో ‘అడవి’ అని పడ్డ కుటుంబం కొత్తగా జాగ అడగక్కర్లేదు. పాత హక్కు తిరగరాయించుకుంటే చాలు. దరఖాస్తు రాసేముందు ఈ ఒక్క విషయం తేల్చుకుంటే కొన్నేళ్ల తిరుగుడు తప్పుతుంది.

మనుషులు మూడు రకాలు. గోండు, కోలాం, మాడియా ఆదివాసులు ఒకరు. సిరొంచ గోదావరి, ప్రాణహిత ఒడ్డున తరాలుగా కైకిలి చేసుకుంటున్న తెలుగు దళితులు, బీసీలు రెండోవారు. 1960లు, 70లలో కరువుకు మరాఠ్వాడా నుంచి జివతి గుట్టల మీదికి వచ్చి స్థిరపడినవాళ్లు మూడోవారు. ముగ్గురూ ఒకే ధర్నాలో కూర్చుంటారు, చట్టం మాత్రం ముగ్గురికీ మూడు దారులు చూపిస్తుంది. దీన్ని మొదటి మీటింగ్‌లోనే విడదీసి చెప్పని సంఘం ఐదో ఏట చీలుతుంది.

ఆదివాసులకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే, కుటుంబానికి 4 హెక్టార్ల దాకా, అంటే 9 ఎకరాల 35 గుంటల దాకా హక్కు. ఆదివాసేతరులకు ఇంకో షరతు ఉంది: మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవినే నమ్ముకుని అక్కడ నివాసం ఉండాలి. అడిగే ముక్కనే 75 ఏళ్లు దున్ని ఉండాలన్నది చట్టంలో లేదు. నివాసానికి 75 ఏళ్లు, ముక్కకు 2005 తేదీ. కింది స్థాయిలో ఈ రెండింటినీ కలిపేసి క్లెయిములు కొట్టేయడం మామూలే. జివతి గుట్టల మీది వలసకుటుంబాలు నివాసం షరతు దగ్గరే ఆగిపోతాయి. వాళ్లను ఈ చట్టం కింద దరఖాస్తు పెట్టమనడం ఆశ చూపి మోసం చేయడమే.

వాళ్లకూ సిరొంచ దళితులకూ దారి రెవెన్యూ వైపు ఉంది. 1959లోనూ, 1964 డిసెంబరు 6న మొదలైన రెండో విడతలోనూ అంబేడ్కర్ అనుచరుడు దాదాసాహెబ్ గైక్వాడ్ నడిపిన భూమిహీనుల సత్యాగ్రహాల్లో లక్షల సంఖ్యలో జనం జైళ్లకు వెళ్లారు. ఆ ఒత్తిడి కొనసాగడం వల్లే తర్వాతి తేదీలు పుట్టాయి. 1978 డిసెంబరు 27 ప్రభుత్వ నిర్ణయం 1972 ఏప్రిల్ 1 నుంచి 1978 మార్చి 31 మధ్య ఉన్న సాగు ఆక్రమణలను క్రమబద్ధం చేయమంది. 1991 నవంబరు నిర్ణయం గైరాన్‌లో 1990 ఏప్రిల్ 14 దాకా సాగులో ఉన్న వెనుకబడ్డ వర్గాల భూమిలేనివాళ్లను కలిపింది. ఆ చివరి తేదీ అంబేడ్కర్ శతజయంతి సంవత్సరం మొదలైన రోజు, ఊరికే పెట్టింది కాదు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమన్నాక ఈ దారి ఇరుకైంది. అదే తీర్పులో, ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఇచ్చిన లీజులకు మినహాయింపు ఉంది. నోటీసుకు జవాబు రాసేటప్పుడు ఈ వాక్యం వదిలేస్తే కేసు సగం పోయినట్టే.

దండుగ రసీదే సాక్ష్యం

అడవి దున్నినందుకు అటవీ గార్డు రాసిన నేర నివేదికను పీఓఆర్ అంటారు. దాని మీద తేదీ, కంపార్ట్‌మెంట్ నంబరు, దున్నినవాడి పేరు ఉంటాయి. ఒకప్పుడు భయపడి చింపేసిన ఆ కాగితం, ఫలానా ఏడు ఫలానావాడు అక్కడ సాగులో ఉన్నాడని సర్కారే రాసిచ్చిన రుజువు. దండుగ కట్టిన పావతి కూడా అంతే. రెవెన్యూ భూమి విషయంలో తలాఠీ దగ్గర ఉండే గావ్ నమూనా 1-ఈ అనే ఆక్రమణల రిజిస్టరు ఇదే పని చేస్తుంది. ఊళ్లో సంఘం పెట్టగానే చేయాల్సిన మొదటి పని ఊరేగింపు కాదు. ఇంటింటికీ తిరిగి పెట్టె అడుగున, చూరులో, దేవుడి పటం వెనక ఉన్న పాత రసీదులు బయటికి తీయించడం. 1-ఈ నకలుకు తలాఠీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి ‘పోచ్’, అంటే అందినట్టు రసీదు తీసుకోవడం రెండోది. ముద్ర, తేదీ ఉన్న పోచ్ లేని అర్జీ ఇచ్చినట్టు లెక్కకు రాదు.

రసీదులు లేనివాళ్ల సంగతి? నేర రిజిస్టరులో పేరుంటేనే సాగుదారు అనే పద్ధతిని మహారాష్ట్ర సాగుదారులు సుప్రీంకోర్టుకు తీసుకెళ్లారు. 1995లో ప్రదీప్ ప్రభు కేసులో వేరే రకం సాక్ష్యాలూ చూడాలని తేలింది. ఇవాళ అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం పెద్దమనుషుల వాంగ్మూలాన్ని, వంశవృక్షాన్ని, నేల మీద కనిపించే గెట్లు, ఒడ్లు, చదును చేసిన ఆనవాళ్లను కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. ఒకటి కంటే ఎక్కువ ఉండాలి, అంతే. శాటిలైట్ ఫొటోలో పొలం కనిపించలేదన్న ఒక్క కారణంతో కొట్టేయడం కుదరదు; అది తోడు సాక్ష్యమే అని 12ఏ నియమం స్పష్టంగా చెబుతుంది. చెట్ల నీడలో ఉన్న ఎకరం పోడు ఆ ఫొటోల్లో అడవిలాగే కనబడుతుంది.

తెలుగు ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు పేరు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. పెళ్లయిన ఆడమనిషికి మధ్యలో భర్త పేరు. ఓటరు జాబితాలో ఒకలా, రేషన్‌కార్డులో ఇంకోలా, ఆధార్‌లో మూడోలా పడ్డ మనిషి ముగ్గురు మనుషులవుతాడు. పట్టా వచ్చాక దిద్దించడం నరకం. క్లెయిము పెట్టకముందే తహసీల్ దగ్గర ‘ఈ మూడు పేర్లూ ఒక్కరివే’ అని అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టాలి. వాంగ్మూలం మరాఠీలో రాశాక తెలుగులో చదివి వినిపించి, ‘తెలుగులో చదివి వినిపించగా ఒప్పుకున్నారు’ అన్న వాక్యం కింద వేలిముద్ర వేయించాలి. లేకపోతే విచారణలో ఆ పెద్దాయన ‘నేనట్ల చెప్పలే’ అంటాడు. ఆయన తప్పేం లేదు.

గ్రామసభ, కొలత, తిరస్కారం

అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది. ఆదివాసులున్న చోట కనీసం మూడింట రెండొంతులు వాళ్లే, మూడింట ఒక వంతు ఆడవాళ్లు. 2012 సవరణ తర్వాత గ్రామసభకు కోరం సగం మంది. హాజరైనవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. క్లెయిముల మీద తీర్మానానికి క్లెయిమ్‌దారుల్లో సగం మందైనా ఉండాలి. ఈ సంఖ్యలు హాజరు పుస్తకంలో కనబడకపోతే పై కమిటీ మొత్తం కట్టను వెనక్కి పంపుతుంది. సిరొంచ వైపు జనవరి నుంచి వేసవి దాకా జనం మిరప కోతలకు ములుగు, భూపాలపల్లి, ఖమ్మం పోతారు. ఆ నెలల్లో పెట్టిన గ్రామసభ కోరం లేక ఓడిపోతుంది. నాట్లయ్యాక, వరి కోతకు ముందు, అంటే సెప్టెంబరు, అక్టోబరు మంచి కాలం.

కొలతకు అటవీ, రెవెన్యూ సిబ్బంది రావాలి, వచ్చి సంతకం పెట్టాలి. 12ఏ ప్రకారం అది వాళ్ల బాధ్యత. రాకపోతే కమిటీ రాసిన నోటీసు, పోచ్ ఫైల్లో ఉండాలి. చేతి జీపీఎస్‌తో కొలిచేటప్పుడు జరిగే నష్టం చాలామందికి తెలియదు. ఎకరం చదరపు ముక్క పక్క దాదాపు 63.6 మీటర్లు. పొలం గెట్టు మీద కాకుండా మూడు మీటర్లు లోపలగా నడిచారనుకోండి, నాలుగు వైపులా కలిపితే ముక్క 57.6 మీటర్ల చదరం అవుతుంది. ఎకరంలో ఏడు గుంటలు మాయం! అందుకే ముందురోజే గెట్టు పొడవునా ముల్లు కొట్టి, మలుపు మలుపునా కొయ్య పాతి, సున్నం గీత వేయాలి. ప్రతి కొయ్య దగ్గరా నిలబడి, మిషను మీద అంకె నిలకడకు వచ్చాకే పాయింటు తీసుకోవాలి. నాలుగు మూలలు మాత్రమే తీసుకుంటే వంకర ముక్కలో పొట్ట భాగం కోసుకుపోతుంది.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, మనిషికి స్వయంగా అందాలి. అందిన రోజు నుంచి 60 రోజుల్లో పై కమిటీకి పోవాలి. మహారాష్ట్ర షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 2020 నుంచి జిల్లా కమిటీ నిర్ణయం మీద డివిజన్ స్థాయి కమిటీకి అప్పీలు ఉంది. కొట్టేసిన క్లెయిమ్‌దారులను ఖాళీ చేయించమన్న 2019 ఫిబ్రవరి 13 సుప్రీంకోర్టు ఉత్తర్వు అదే నెల 28న ఆగింది. అయినా ఆ వార్త పట్టుకుని బెదిరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెండో ఉత్తర్వు నకలు ఊళ్లో ఒకరి దగ్గరైనా ఉండాలి.

పట్టా నుంచి సాత్‌బారా దాకా

ఇక్కడే అసలు ఆలస్యం. పట్టా చేతికొచ్చాక మూడు నెలల్లో రెవెన్యూ, అటవీ రికార్డుల్లో ఎక్కించాలని నియమం. అమలులో చాలాచోట్ల ఆ పేరు సాత్‌బారాలో ‘ఇతర హక్కులు’ గడిలో పడుతుంది. కబ్జాదారు గడిలో, అంటే భూమి ఎవరిదో రాసే గడిలో అటవీశాఖే ఉంటుంది. 2018 మార్చి 6 నుంచి 12 దాకా నాసిక్ నుంచి ముంబై వరకు దాదాపు 180 కిలోమీటర్లు నడిచిన కిసాన్ లాంగ్ మార్చ్‌కు అటవీ హక్కుల అమలు ప్రధాన డిమాండు. సొంత పేర సాత్‌బారా అన్నది ఆ ఉద్యమాల్లో మళ్లీ మళ్లీ వినిపించిన మాట. బయటివాళ్లకు ఇది చిన్న గుమాస్తా సమస్యలా కనిపిస్తుంది. దాని వెనక ఉన్న లెక్క చూడండి.

2021 నుంచి మహారాష్ట్రలో రైతే ఈ-పీక్ పాహణీ యాప్‌లో పంట నమోదు చేసుకోవాలి. ఖాతాదారుల జాబితాలో పేరు లేనివాడు అందులో పంట ఎక్కించలేడు. పంట నమోదు లేకపోతే ఆదివాసీ వికాస్ మహామండల్ అనే సర్కారు సంస్థ కొనుగోలు కేంద్రంలో వడ్లు పోయడం కష్టం. ఎకరానికి 10 క్వింటాళ్లు పండాయనుకుందాం. 2025-26 సాధారణ వరి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, మొత్తం 23,690. అదే వడ్లు ఇంటి ముందర సేఠ్‌కు 1,900 చొప్పున పోస్తే 19,000. ఎకరానికి 4,690 తేడా, మూడెకరాలకు 14,070. ఒక కుటుంబం ఏడాది పిల్లల ఫీజో, ఆసుపత్రి ఖర్చో అంత ఉంటుంది.

లోను సంగతీ అంతే. అటవీ పట్టా అమ్మడానికి వీల్లేదు, తాకట్టుకు పనికిరాదు అని బ్యాంకులో తిప్పి పంపడం మామూలు. కానీ కిసాన్ క్రెడిట్ కార్డు మీద తాకట్టు లేని పరిమితి 2025 జనవరి 1 నుంచి 2 లక్షలు. మూడెకరాల వరికి అంత లోనే అవసరం రాదు. తాకట్టు అక్కర్లేని చోట తాకట్టు పనికిరాదన్న అభ్యంతరానికి అర్థం లేదు. ఒక్కొక్కరుగా పోతే ఈ మాట వినరు. ఇరవై మంది ఒకే రోజు ఇరవై దరఖాస్తులు ఇచ్చి పోచ్ అడిగితే మేనేజరు కాగితం మీద కారణం రాయాల్సి వస్తుంది, రాయడానికి సరైన కారణం ఉండదు. సంఘం వల్ల లాభం ఏమిటని అడిగేవాళ్లకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

గోదావరి ఒడ్డు ఊళ్లలో ఇంకో కారణం కూడా ఉంది. మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక సిరొంచ వైపు వెనుకనీటి మునకతో భూసేకరణ, పరిహారం రోజువారీ మాటలయ్యాయి. 2013 భూసేకరణ చట్టం అటవీ హక్కు పొందినవాళ్లను భూయజమానుల్లో లెక్కిస్తుంది. రికార్డులో పేరుంటే పరిహారం, లేకుంటే పంచనామాలో ‘అతిక్రమణ్’ (ఆక్రమణ) అన్న ఒక్క మాట.

మొదటి రెండేళ్లు ఆదాయం తగ్గుతుంది

ఇది చాలామంది చెప్పరు. భూమి వచ్చిన కొత్తలో ఇంట్లో డబ్బు తగ్గుతుంది. నాట్లు, కలుపు సొంత పొలంలోనూ ఊళ్లోనూ ఒకేసారి వస్తాయి. సొంతంలో చేస్తే కైకిలి పోతుంది. గుట్టవాలు జాగలో గెట్లు లేక మొదటి వానకే పైమన్ను కొట్టుకుపోతుంది. ఈ దశలోనే భూమి కౌలు పేరుతో పాత ఆసామి చేతికి తిరిగి పోతుంది. సంఘాలు దీనికి వాడిన పద్ధతి ధాన్యం బ్యాంకు. ఇంటికి 20 కిలోల చొప్పున 40 ఇళ్లు వేస్తే 8 క్వింటాళ్లు. జూలై, ఆగస్టులో తీసుకుని కోతలప్పుడు సవాయిగా, అంటే క్వింటాకు పాతిక కిలోలు కలిపి ఇవ్వాలి. సేఠ్ దగ్గర దీఢీ నడుస్తుంది, క్వింటాకు క్వింటాన్నర. బ్యాంకు చెడేది ఒకే కారణంతో: మొదటి ఏడాది నాయకుడి బంధువు బాకీ వసూలు చేయకపోవడం.

నేల కుదురుకోవడానికి ఉపాధి పనులే ఆధారం. అటవీ పట్టా తప్ప వేరే భూమి లేని ఆదివాసీ కుటుంబాలకు 2014లో పనిదినాలను 150కి పెంచారు. ఆ దినాలను రోడ్డు పనికి కాకుండా సొంత గెట్లకు, చదునుకు, శేత్‌తళేకు (పొలం కుంటకు) రాయించుకున్న ఊళ్లలోనే రెండో పంట కనిపిస్తుంది. 15×15×3 మీటర్ల కుంటను ఒకటికొకటి వాలుతో తవ్వితే అడుగు 9×9 అవుతుంది, 441 ఘనమీటర్ల నీళ్లు పడతాయి. ఎకరానికి ఐదు సెంటీమీటర్ల తడి పెట్టాలంటే 200 ఘనమీటర్లు కావాలి. కాగితం మీద రెండు తడులు; ఆవిరి, ఇంకుడు పోను నమ్మకంగా ఒకటి. వరి పొట్టకొచ్చాక వాన మొహం చాటేస్తే ఆ ఒక్క తడే పంటను నిలబెడుతుంది. మొరం నేలలో తవ్వితే దసరాకే ఎండిపోతుంది, నల్లరేగడి ముక్క చూసి తవ్వాలి.

మారేది ఇంకా ఏమిటి? గార్డు చేతి తడపడం ఆగుతుంది. తునికాకు వేలం గ్రామసభే నడుపుకునే ఊళ్లలో డబ్బు గ్రామసభ ఖాతాలోకి వస్తుంది. కైకిలి రేటు పెరుగుతుంది, ఎందుకంటే నాట్ల వారం చేతులు దొరకవు. మిరప కోతలకు ఇంటిల్లిపాదీ పోవడం మాని, ఒకరిద్దరే పోతారు. పిల్లలు బడిలో ఉంటారు.

ఎక్కడ బెడిసికొట్టింది

ఆదివాసుల పొలం వలసదారుల చేతిలో ఉన్నచోట. 1974 చట్టం, 1957 ఏప్రిల్ 1 నుంచి 1974 జూలై 6 మధ్య ఆదివాసుల నుంచి చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించమంటుంది. జివతి, కిన్వట్‌లలో భూమిలేని వలసకుటుంబం దున్నే ముక్క నిజానికి ఒక కోలాం ముసలాయనది కావచ్చు. పాత ఫేర్‌ఫార్లు (భూమి చేతులు మారిన నమోదులు) చూడకుండా అందరినీ ఒకే జాబితాలో రాసిన సంఘం, గెలిస్తే ఒక పేదవాడి భూమి ఇంకో పేదవాడికి రాయించినట్టవుతుంది. 2005 తర్వాత కొత్తగా నరికిన ముక్కలను పాత కట్టలో కలపడం ఇంకో తప్పు. ఒక్క దొంగ క్లెయిముతో యాభై నిజమైనవి అనుమానంలో పడతాయి.

ఇప్పుడు ముందున్న పని వారసత్వం. మొదటి విడత పట్టాదారులు ఒక్కొక్కరే పోతున్నారు. అటవీ పట్టా అమ్మడానికి వీల్లేదు, వారసులకు మాత్రం వస్తుంది. భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని చట్టమే చెప్పింది కాబట్టి, భర్త పోయాక భార్య పేరు చెరగదు. ఆయన మరణ ధ్రువపత్రంతో తలాఠీ దగ్గర వారస్ నమోదు చేయించాలి. ఆదివాసులకు 1956 హిందూ వారసత్వ చట్టం వర్తించదు, అందుకని ఆడపిల్లల పేరు జాబితాలో రాయడం ఆచారం మీద, ఊరి మాట మీద ఆధారపడి ఉంటుంది. వారసుల జాబితా గ్రామసభలో చదివేటప్పుడు, పెళ్లయి గోదావరి ఇవతలికి వచ్చిన కూతురి పేరు కూడా రాయించమని అడిగేవాళ్లు ఇప్పుడిప్పుడే కనబడుతున్నారు.